పాత బండి కరెంటు పాఠాలు – 5వ భాగం: హీటర్ బ్లోయర్ ఒక్క వేగంలోనే తిరిగితే

నాలుగో భాగంలో హెడ్‌లైటు మసకబారడానికి ఎర్తు దారిలో జారిపోయే ఓల్టేజీ ఎలా కారణమవుతుందో మీటరు పెట్టి చూశాం. ఆ కొలత చేతికి అలవాటు కానివారు మరోసారి చేసి చూసుకుని ఈ పాఠంలోకి రావాలని మనవి. ఈసారి మన పని డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. పాత పికప్ బండిలో హీటర్ బ్లోయర్‌కు, అంటే లోపలికి గాలి తోసే పంఖా మోటారుకు, నాలుగు వేగాలు ఉండి, వాటిలో కొన్ని పనిచేసి కొన్ని పనిచేయనప్పుడు లోపం ఎక్కడుందో తేల్చడం నేర్చుకుంటాం.

శ్రీకాకుళం, విజయనగరం ఎండల్లో హీటరు అవసరం ఏముందని అడిగేవారు ఉంటారు. రామభద్రపురంలో కూరగాయలు ఎత్తుకుని, సాలూరు దాటి, 26వ నంబరు జాతీయ రహదారి మీద డిసెంబరు రాత్రి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ వైపు వెళ్ళే డ్రైవర్లు మాత్రం ఆ ప్రశ్న అడగరు. ముందు అద్దానికి లోపలి నుంచి ఆవిరి పట్టినప్పుడు దాన్ని తుడిచేది ఈ బ్లోయర్ గాలే. ఏసీ ఉన్న బండిలో చల్లగాలిని తోసేది కూడా ఇదే బ్లోయర్ కాబట్టి, ఈ పాఠం వేసవిలోనూ పనికొస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. గాలి బాగానే వస్తూ వేడి రాకపోతే అది కరెంటు సమస్య కాకపోవచ్చు. రేడియేటరులో నీళ్ళు తగ్గడం, థర్మోస్టాట్ ఎప్పుడూ తెరుచుకునే ఉండిపోవడం, హీటరు వాల్వు పట్టేయడం, హీటరు కోర్ పూడుకుపోవడం వంటివి దానికి కారణాలు. అవి ఈ పాఠానికి సంబంధించినవి కావు. మోటారు తిరిగే వేగం మారకపోవడం, కొన్ని అంకెల దగ్గర అసలు తిరగకపోవడం మాత్రమే ఇక్కడ మనకు కావాలి.

బ్లోయర్ దారిలో ఉండే వస్తువులు నాలుగైదే. బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు తాళం తిప్పాక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఫ్యూజు దాటి మోటారును చేరుతుంది. వేగాన్ని తగ్గించడానికి ఒక రెసిస్టరు, ఏ వేగం కావాలో ఎంచుకోవడానికి ఒక స్విచ్ ఉంటాయి. చివరన బాడీ ఎర్తు, అంటే బ్యాటరీ నెగెటివ్‌కు కరెంటు తిరిగి వెళ్ళే బండి ఇనుము. రెసిస్టరును మన షెడ్లలో కొందరు ‘రెసిస్టెన్స్’ అనీ, కొందరు ‘కాయిల్’ అనీ అంటారు. చిన్న ప్లాస్టిక్ లేదా పింగాణీ బిళ్ళకు స్ప్రింగులా చుట్టిన రెండు మూడు తీగలు, వాటితో పాటు వేడి మితిమీరితే తెగిపోయే ఒక చిన్న థర్మల్ ఫ్యూజు దాని మీద ఉంటాయి. ఎక్కువ బండ్లలో దాన్ని ఎడమ వైపు, గ్లవ్ బాక్సు కింద, గాలి వెళ్ళే గొట్టంలోకి తల దూర్చేలా రెండు స్క్రూలతో బిగిస్తారు. గొట్టంలోకి ఎందుకు దూర్చారన్నది ఈ పాఠానికి కీలకం కనుక కాసేపు ఇక్కడ ఆగుదాం.

ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 ఓల్టులు ఉన్నాయనుకోండి. ఒకటో వేగంలో దారిలో 2 ఓమ్‌ల రెసిస్టరు ఉండి, మోటారు 4 ఆంపియర్లు తీసుకుంటోందనుకోండి. 4ను 2తో గుణిస్తే 8 ఓల్టులు రెసిస్టరు మీదే పోతాయి, మోటారుకు మిగిలేది 5.8 ఓల్టులు. అందుకే అది నెమ్మదిగా తిరుగుతుంది. పోయిన 8 ఓల్టులు ఊరికే పోవు. 8ని 4తో గుణిస్తే 32 వాట్లు, అంటే ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ వేడి, ఆ చిన్న తీగ చుట్టలో పుడుతూనే ఉంటుంది. బ్లోయర్ తోసే గాలే ఆ వేడిని ఊడ్చుకుపోవాలి. గాలి తగ్గితే తీగ ఎర్రబడుతుంది, థర్మల్ ఫ్యూజు తెగుతుంది. అంటే రెసిస్టరు బతకడం మోటారు ఆరోగ్యం మీద ఆధారపడి ఉంది. ఈ మాటను గుర్తుంచుకోండి, కొత్త రెసిస్టరు కొనడానికి బజారుకు వెళ్ళే ముందు మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు ఏ స్క్రూ విప్పకుండా చేయవలసిన పరీక్ష. తాళం తిప్పి, స్విచ్‌ను ఒకటి నుంచి నాలుగు వరకు ఒక్కో అంకె దగ్గర పది సెకన్లు ఆపుతూ, ఏ అంకెకు గాలి వచ్చింది, ఏ అంకెకు రాలేదు అన్నది కాగితం మీద రాసుకోవాలి. రాయడం దేనికని నవ్వకండి. డ్రైవరు చెప్పినదానికీ, మనం స్వయంగా తిప్పి చూసినదానికీ తేడా రావడం నేను చాలాసార్లు చూశాను.

రెసిస్టరులోని తీగలు సాధారణంగా గొలుసులా వరుసగా కలిసి ఉంటాయి. మూడు తీగల రెసిస్టరులో ఒకటో వేగానికి మూడు తీగలూ, రెండో వేగానికి రెండూ, మూడో వేగానికి ఒకటీ దారిలోకి వస్తాయి. నాలుగో వేగానికి ఏదీ అడ్డురాకుండా కరెంటు నేరుగా పోతుంది. ఈ గొలుసును మనసులో పెట్టుకుంటే మీరు కాగితం మీద రాసుకున్న నాలుగు అంకెలు సాక్ష్యం చెప్పడం మొదలుపెడతాయి. నాలుగు మాత్రమే పనిచేసి మిగిలిన మూడూ చస్తే, ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే థర్మల్ ఫ్యూజు దగ్గర గానీ మోటారుకు దగ్గరగా ఉన్న మొదటి తీగలో గానీ తెగింది. మన దగ్గరకు వచ్చే బండ్లలో ఎక్కువ ఇలాంటివే. ఒకటి, రెండు పోయి మూడు, నాలుగు ఉంటే నడిమి తీగ తెగింది. ఒకటి మాత్రమే పోతే చివరి తీగను అనుమానించాలి.

ఇక్కడ చాలామంది తడబడే సందర్భం ఒకటుంది. రెండో వేగం మాత్రమే పనిచేయక, ఒకటీ మూడూ సవ్యంగా ఉంటే రెసిస్టరు తీగ తెగిందని అనడానికి వీల్లేదు. ఒకటో వేగం నడవాలంటే రెండో వేగానికి కావలసిన తీగలన్నీ బాగుండి తీరాలి. కాబట్టి లోపం రెండో అంకెకు చెందిన స్విచ్ కాంటాక్టులోనో, ఆ ఒక్క వైరులోనో, కప్లరులో (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులో) ఆ ఒక్క పిన్ను దగ్గరో ఉంటుంది. అలాగే నాలుగు మాత్రమే పోయి మిగిలినవన్నీ పనిచేస్తే రెసిస్టరును ముట్టుకోవలసిన పనే లేదు. నాలుగో వేగంలో కరెంటు అన్నిటికంటే ఎక్కువగా పోతుంది కనుక స్విచ్‌లోని ఆ కాంటాక్టు కాలి నల్లబడి ఉండవచ్చు. కొన్ని బండ్లలో నాలుగో వేగానికి వేరే రిలే ఉంటుంది, అది పోయి ఉండవచ్చు. ఏ అంకెకూ గాలి రాకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఎర్తు వరుసగా చూసుకోవాలి. అది రెండో భాగంలో చెప్పుకున్న పద్ధతే కనుక మళ్ళీ రాయను.

తర్వాత తెలుసుకోవలసింది మీ బండిలో స్విచ్ ఎటువైపు ఉందన్న సంగతి. కొన్ని బండ్లలో మోటారుకు ప్లస్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది, రెసిస్టరూ స్విచ్చూ మోటారుకు, ఎర్తుకు మధ్య కూర్చుంటాయి. కొన్నిటిలో అవి ప్లస్ వైపు ఉండి మోటారు రెండో కొస నేరుగా ఎర్తుకు పోతుంది. వైరు రంగు చూసి దీన్ని నిర్ణయించకండి. ఇరవై ఏళ్ళ బండిలో ఎవరెవరు ఏ రంగు ముక్క అతికారో దేవుడికి తెలియాలి. మీటరును 20 ఓల్టుల డీసీ మీద పెట్టి, నల్ల తీగను బాడీ మీద శుభ్రమైన ఇనుముకు ఆనించి, తాళం తిప్పి, స్విచ్‌ను ఒకటి మీద ఉంచండి. కప్లరు ఊడదీయకుండానే మోటారు రెండు వైర్లనూ వెనక నుంచి తాకి చూడండి. ఒక వైరు మీద బ్యాటరీ ఓల్టేజీ పూర్తిగా కనిపిస్తే స్విచ్ ఎర్తు వైపు ఉంది. ఒక వైరు మీద సున్న కనిపిస్తే ప్లస్ వైపు ఉంది. నాలుగో వేగమైనా పనిచేస్తున్న బండిలో ఈ పరీక్ష తప్పు చెప్పదు. రెసిస్టరు తెగి మోటారు కదలకుండా ఉన్నా ఫలితం మారదు, అప్పుడు రెండు వైర్ల మీదా ఒకే రకం అంకె కనిపిస్తుంది, అంతే.

స్విచ్ ఎర్తు వైపు ఉన్న బండిలో ఒక సులువు ఉంది. స్విచ్ వెనక కప్లరును ఊడదీసి, మధ్యలో 20 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న మందమైన జంపరు వైరుతో ఒక్కో వేగానికి చెందిన పిన్నును ఎర్తు చేస్తే, స్విచ్ పని మనమే చేసినట్టవుతుంది. నాలుగు పిన్నులకూ మోటారు నాలుగు వేగాల్లో తిరిగితే రెసిస్టరు, వైర్లు, మోటారు అన్నీ బాగున్నట్టే, పోయింది స్విచ్చే. ప్లస్ వైపు స్విచ్ ఉన్న బండిలో మాత్రం ఈ పని చేయకండి. అక్కడ కప్లరులోకి వచ్చే ప్లస్ వైరునే ఎర్తు చేసే ప్రమాదం ఉంది. జంపరులో ఫ్యూజు లేకుంటే చేతిలోనే వైరు కరుగుతుంది. ఈ కారణం చేతనే ముందు పేరాలోని పరీక్షను దాటవేయవద్దని చెబుతున్నాను.

ఇక రెసిస్టరును బయటికి తీద్దాం. కాసేపటి క్రితం వరకు బ్లోయర్ నడిచి ఉంటే చల్లారే దాకా ఆగండి. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. కప్లరు నొక్కి లాగేటప్పుడు దాని ప్లాస్టిక్ రంగు చూడండి. పాలిపోయిన గోధుమరంగులోకి మారి, ఒక పిన్ను చుట్టూ కరిగి కుంగిపోయి ఉంటే, కొత్త రెసిస్టరును ఆ పాత కప్లరుకే తగిలించడం వల్ల ప్రయోజనం లేదు. కప్లరు కూడా మార్చాలి.

బయటికి తీసిన రెసిస్టరు మీద మీటరును 200 ఓమ్‌ల దగ్గర పెట్టి కొలవాలి. ముందుగా మీటరు రెండు కొసలనూ ఒకదానికొకటి ఆనించండి. మామూలు మీటరులో 0.3 దాకా ఏదో ఒక అంకె చూపిస్తుంది, అది మీటరు తీగల సొంత నిరోధం. మనం కొలిచేదే ఒకటి రెండు ఓమ్‌లు కనుక, వచ్చిన ప్రతి అంకెలోంచి దీన్ని తీసివేయకపోతే లెక్క తప్పుతుంది. తర్వాత ఉమ్మడి పిన్ను, అంటే మోటారుకు పోయే పిన్ను, నుంచి మిగిలిన ఒక్కో పిన్నుకు కొలవండి. బండిని బట్టి విలువలు మారుతాయి, అయినా అర ఓమ్ లోపు నుంచి మూడు ఓమ్‌ల దాకా మెట్లు మెట్లుగా పెరుగుతూ పోవాలి. తెరకు ఎడమ చివర ‘1’ అంకె మాత్రం కనిపించి ఇంకేమీ రాకపోతే ఆ దారి తెగినట్టు. తీగలన్నీ బాగుండి థర్మల్ ఫ్యూజు మాత్రమే తెగిందని తేలినప్పుడు, దాని రెండు కాళ్ళకూ అడ్డంగా ఒక రాగి ముక్క పెట్టి సోల్డరు చేసి పంపే అలవాటు మన ప్రాంతపు షెడ్లలో ఉంది. ఖర్చు లేని పని, కస్టమరుకూ సంతోషమే. కానీ ఆ తర్వాత మోటారు బిగుసుకుపోయిన రోజున ఆ తీగ ఎర్రగా కాలుతూ, పక్కనున్న ప్లాస్టిక్ గొట్టాన్ని కూడా కాల్చకుండా ఆపేది ఏదీ ఉండదు. ఈ పని నేను చేయను, నా దగ్గర నేర్చుకున్నవారు చేస్తే ఒప్పుకోను.

ఇప్పుడు మొదట గుర్తుంచుకోమన్న మాట దగ్గరికి వద్దాం. రెసిస్టరు ఎందుకు కాలింది?

కిందటి చలికాలం పలాస వైపు నుంచి ఒక డ్రైవరు తన పికప్‌ను తీసుకొచ్చాడు. జీడిపిక్కల బస్తాలు మోసే బండి. “మేష్టారూ, నాలుగులో పెడితేనే గాలొస్తంది. ఒకటీ రెండూ మూడూ పోయినాయి. రెసిస్టరు మొన్ననే మార్పించినాను, మళ్ళీ ఏటైనాదో సూడండి” అన్నాడు. అతని చేతి సంచీలో కాలిపోయిన పాత రెసిస్టర్లు రెండు ఉన్నాయి. ఇది మూడోది. రెసిస్టరు పోయిందని తేల్చడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది, అంతవరకు ముందు చూసినవారు కూడా సరిగానే తేల్చారు. తేడా ఆ తర్వాత ఉంది. బ్లోయర్ మోటారు మూడు స్క్రూలు విప్పి కిందికి దించగానే పంఖా చక్రపు రెక్కల మధ్య నుంచి ఎండుగడ్డి, నలిగిన కాగితం, గుప్పెడు జీడిపప్పు పొట్టు రాలాయి. ఎలుక అక్కడ కాపురం పెట్టింది. చెత్తంతా దులిపి చక్రాన్ని వేలితో తిప్పితే రెండు చుట్లు తిరగవలసింది పావు చుట్టు తిరిగి గర్రుమని ఆగిపోయింది. ఇరుసు తిరిగే బుష్షు ఎండిపోయింది. ఆ చెత్త బరువుకు ఇరుసు ఒక పక్కకు అరిగింది కూడా.

మోటారు బిగుసుకుపోతే రెసిస్టరు ఎందుకు కాలాలో కొంచెం లెక్క చూద్దాం. తిరుగుతున్న డీసీ మోటారు తనకు తానే ఒక చిన్న డైనమోలా ఎదురు ఓల్టేజీ పుట్టిస్తుంది. అందువల్లే అది తీసుకునే కరెంటు అదుపులో ఉంటుంది. తిరగడం తగ్గిన కొద్దీ ఆ ఎదురు ఓల్టేజీ తగ్గి, కరెంటు పెరుగుతుంది. పూర్తిగా ఆగిపోతే ఎదురు ఓల్టేజీ సున్న, మిగిలేది మోటారు చుట్టల నిరోధం మాత్రమే. దాన్ని అర ఓమ్ అనుకుంటే, మన 2 ఓమ్‌ల రెసిస్టరుతో కలిపి 2.5 ఓమ్‌లు. 13.8ని 2.5తో భాగిస్తే సుమారు 5.5 ఆంపియర్లు. రెసిస్టరు మీద పుట్టే వేడి 5.5 ను 5.5 తో, మళ్ళీ 2 తో గుణించగా దాదాపు 60 వాట్లు. మామూలుగా పుట్టే 32 వాట్లకు ఇది రెట్టింపుకు దగ్గర. దీనికి తోడు ఆ వేడిని తీసుకుపోవలసిన గాలి పూర్తిగా ఆగిపోయింది. ఇక రెసిస్టరు ఎంతసేపు ఉంటుంది? ఫ్యూజు పెట్టెలోని 25 ఆంపియర్ల ఫ్యూజుకు ఈ 5.5 ఆంపియర్లు లెక్కలోకే రావు కనుక అది చలించదు. తెగేది రెసిస్టరు మీది థర్మల్ ఫ్యూజే. నాలుగో వేగంలో మాత్రం మోటారుకు పూర్తి ఓల్టేజీ అందుతుంది కాబట్టి ఆ బలంతో బిగుసుకున్న మోటారు కూడా ఎలాగో తిరుగుతుంది. అందుకే డ్రైవరుకు మోటారు మీద అనుమానం రాదు.

కాబట్టి రెసిస్టరు కాలిన ప్రతి బండిలోనూ మోటారు కరెంటును కొలవడం తప్పనిసరి. ఇందుకు డీసీ (బ్యాటరీ కరెంటు) కొలిచే క్లాంపు మీటరు, అంటే వైరును చుట్టి పట్టుకుని కరెంటు కొలిచేది, కావాలి. ఇళ్ళ వైరింగు చేసేవారి దగ్గరుండే మామూలు క్లాంపు ఇళ్ళ ఏసీ కరెంటును మాత్రమే చూపుతుంది, బండి వైరు మీద పెడితే సున్న చూపి మనల్ని మోసం చేస్తుంది. మల్టీమీటరులో 10 ఆంపియర్లని రాసిన రంధ్రంలోకి మోటారు కరెంటును పంపాలని చూడకండి. నాలుగో వేగంలో చాలా బండ్ల మోటార్లు అంతకంటే ఎక్కువ తీసుకుంటాయి, తిరగడం మొదలుపెట్టే క్షణంలో మరీ ఎక్కువ. క్లాంపు లేనివారు మూడు పనులు చేయవచ్చు: పంఖాను చేత్తో తిప్పి ఎంత తేలికగా ఎంతసేపు తిరిగిందో చూడడం, ఇరుసును పక్కలకు కదిపి బుష్షు అరుగుదల గమనించడం, వీలుంటే అదే రకం బండిలోని మంచి మోటారుతో పోల్చడం. బుష్షులో రెండు చుక్కల నూనె వేస్తే మోటారు తేలికపడుతుంది, అయితే నూనె కార్బన్ బ్రష్షుల మీదికి పాకితే కొత్త తలనొప్పి. ఇరుసు అరిగిన మోటారుకు నూనె నెల రోజుల ముచ్చటే. పలాస బండికి మోటారు మార్చి, గాలి లోపలికి తీసుకునే మూతికి సన్నని ఇనుప జాలీ కట్టి, నాలుగో రెసిస్టరు వేశాం. జాలీ కట్టమన్నది ఆ డ్రైవరే, ఆ ఆలోచన నాది కాదు.

అన్ని వేగాలూ పనిచేస్తూ, అన్నిటిలోనూ గాలి మందంగా ఉంటే కథ వేరు. కళింగపట్నం, భావనపాడు ఒడ్డు నుంచి చేపలు మోసే బండ్లలో ఇది తరచుగా కనబడుతుంది. ఉప్పుగాలి, ఐసు నీళ్ళ చెమ్మ తగిలి ఎర్తు బోల్టు తుప్పు పడుతుంది, కప్లరులోని ఇత్తడి పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది. ఇక్కడే నాలుగో భాగం పనికొస్తుంది. ఇంజను నడుస్తూ ఉండగా, షెడ్డు తలుపులు తెరిచి ఉంచి, స్విచ్ నాలుగు మీద పెట్టి, ముందు బ్యాటరీ రెండు కొసల మధ్య, తర్వాత మోటారు రెండు పిన్నుల మధ్య ఓల్టేజీ కొలవండి. అక్కడ 13.8, ఇక్కడ 12.5 వస్తే 1.3 ఓల్టులు దారిలో పోయాయి. ప్లస్ వైపు ఎంత, ఎర్తు వైపు ఎంత అన్నది విడివిడిగా కొలిస్తే దొంగ ఏ వీధిలో ఉన్నాడో తెలుస్తుంది. ఒక్కో వైపు అర ఓల్టు దాటితే నేను ఊరుకోను. 15 ఆంపియర్ల కరెంటు పోతున్న చోట 1.3 ఓల్టులు ఒకే పిన్ను దగ్గర పడితే అక్కడ పుట్టే వేడి సుమారు 20 వాట్లు. కప్లరు కరిగి కుంగిపోవడానికి కారణం అదే. మోటారు తిప్పకుండా తీసిన కొలతలకు ఇక్కడ విలువ లేదు. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన ఎర్తు కూడా మీటరుకు మంచిదిలాగే కనిపిస్తుంది.

గాలి మందంగా ఉండి ఓల్టేజీ మాత్రం సరిగా ఉంటే మీటరు పక్కన పెట్టి, గాలి మూతిలో ఆకులు, ఫిల్టరు ఉన్న బండిలో ఫిల్టరు చూడండి.

ఈ భాగానికి అభ్యాసం. మీకు అందుబాటులో ఉన్న ఏదైనా పాత బండిలో, బ్లోయర్ సవ్యంగా ఉన్నా సరే, ఒకటి నుంచి నాలుగు వరకు ఒక్కో వేగంలో మోటారు పిన్నుల మధ్య ఓల్టేజీ కొలిచి నోటుపుస్తకంలో రాయండి. ప్రతి అంకెను బ్యాటరీ ఓల్టేజీ నుంచి తీసివేసి, రెసిస్టరు మీదా దారిలోనూ కలిపి ఎంత పడుతోందో పక్కన రాయండి. స్విచ్ ఏ వైపున ఉందో కూడా రాయండి. ఆరో భాగంలో రేడియేటరు ఫ్యాను రిలేను విప్పుతాం. దానికి 12 ఓల్టుల టెస్టు బల్బు ఒకటి, నాలుగు కాళ్ళ పాత రిలే ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. పాడైన రిలే అయితే మరీ మంచిది.